పాలిచ్చే తల్లికి ఏ కుర్చీ మంచిది? అయిదు రకాల్లో కూర్చుని చూశాక

మెత్తటి కుర్చీ కొనకండి. నేను చెప్పదల్చుకున్న మొదటి మాట ఇదే, మిగతాదంతా దీనికి వివరణే. షాపులో కూర్చోగానే ఒళ్లంతా దిగబడిపోయి "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అనిపించే కుర్చీ చంటిబిడ్డకి పాలివ్వడానికి పనికిరాదు. షాపులో మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కడుపు మీద కుట్లుండవు, లేవాలంటే రెండు వైపులా చేతులు ఆనించి లేచేస్తారు. ఇంట్లో అలా కాదు, ఒక చేతిలో మూడు కేజీల బిడ్డ ఉంటుంది, అదీ అప్పుడే నిద్రలోకి జారిన బిడ్డ, కాస్త కుదుపు తగిలితే మళ్లీ మొదటికొస్తుంది కథ.

రాజమండ్రిలో అమ్మ వాళ్లింట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ, అక్కడే కొన్న పేము కుర్చీ, హైదరాబాద్ వచ్చాక ఆడపడుచు ఇంట్లో వెనక్కి వాలే రిక్లైనర్, మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి దగ్గరున్న గ్లైడర్ అనే ముందుకీ వెనక్కీ జారే కుర్చీ, ఐకియా ఫర్నిచర్ షాపులో పోయాంగ్ అనే కుర్చీ. వీటన్నిటిలోనూ బిడ్డని ఒళ్లో వేసుకుని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, నాది సిజేరియన్. ఈ రెండూ ముందే చెప్పడానికి కారణం ఉంది. పొడుగాటి మనిషికీ, మామూలు కాన్పు అయినవాళ్లకీ ఇవే కుర్చీలు వేరేగా అనిపించొచ్చు. కానీ నాలా సిజేరియన్ అయినవాళ్లు మనలో చాలామందే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ఆంధ్రలో 42.4 శాతం. ఇంతమంది కుట్లతో ఇంటికొస్తుంటే, ఏ ఫర్నిచర్ షాపులోనూ "దీంట్లోంచి పొట్ట మీద భారం పడకుండా లేవొచ్చా" అనే ప్రశ్నకి ఒక్క సేల్స్‌మన్ కూడా సమాధానం చెప్పలేకపోయాడు.

పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. ఒక్కోసారి అరగంట వేసుకోండి, త్రేన్పు తెప్పించేదాకా ఇంకో పది నిమిషాలు. అంటే తక్కువలో తక్కువ అయిదు గంటల పైమాటే, అందులో సగం అర్ధరాత్రీ తెల్లవారుజామునా. సాఫ్ట్‌వేర్ వాళ్లు అంతసేపు కూర్చోవాలని ఆఫీసు కుర్చీ కోసం నడుం దగ్గర వంపు ఎలా ఉంది, చేతులు ఎంత పైకి లేస్తాయి అని వారాల తరబడి రివ్యూలు చదువుతారు. బాలింతకి మాత్రం "మంచం మీద గోడకి ఆనుకుని కూర్చో" అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. మంచం మీద గోడకి ఆనుకుంటే జరిగేదేమిటంటే, మెల్లగా నడుం కిందికి జారుతుంది, మెడ ముందుకి వంగుతుంది, వారం తిరిగేసరికి వెన్ను పట్టేస్తుంది. మా అత్తయ్య వాళ్ల తరం నేల మీద చాప పరుచుకుని, కాళ్లు చాపుకుని పాలిచ్చేవారట. అది నిజంగా మంచి పద్ధతే, కానీ ఆపరేషన్ అయిన కొత్తలో నేల మీదనుంచి లేవడం మన వల్ల అయ్యే పని కాదు.

కుర్చీలో చూడాల్సినవి మూడే కొలతలు, టేపు పట్టుకెళ్లండి, మొహమాటం వద్దు. మొదటిది నేలనుంచి సీటు ఎత్తు. షాపుల్లో మామూలుగా 18 అంగుళాలుంటుంది, అయిదడుగుల మనిషికి ఆ ఎత్తులో మడమలు నేలకి సరిగ్గా ఆనవు. మడమలు ఆనకపోతే తొడలు ముందుకి వాలతాయి, ఒళ్లోని బిడ్డ జారుతున్నట్టు అనిపిస్తుంది, ఆ జారుడు ఆపడానికి మనకి తెలియకుండానే వేళ్ల మీద కాళ్లు ఎత్తి పెడతాం, పిక్కలు పట్టేస్తాయి. 15, 16 అంగుళాలైతే సరిపోతుంది. ఇప్పటికే ఇంట్లో ఎత్తు కుర్చీ ఉంటే కాళ్ల కింద పీట వేసుకోండి. దేవుడి గదిలో మూల పడి ఉండే ఆ చెక్కపీటే, కొత్తగా ఫుట్‌రెస్ట్ అని వెయ్యి రూపాయలు పొయ్యక్కర్లేదు.

రెండోది సీటు లోతు. సోఫాల్లో ఇది ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాలు కూడా ఉంటుంది. వీపు వెనక్కి ఆనితే పాదాలు గాల్లో, పాదాలు నేలకి ఆనితే వీపు గాల్లో. వీపుకి ఆధారం లేనప్పుడు మనం బిడ్డ మీదికి వంగుతాం. హాస్పిటల్లో నర్సు చెప్పిన మంచి మాట ఒకటుంది, బిడ్డని రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలమ్మా, రొమ్ముని బిడ్డ దగ్గరికి తీసుకెళ్లకు అని. కుర్చీ లోతుగా ఉంటే ఎంత గుర్తుపెట్టుకున్నా రెండోదే జరుగుతుంది.

మూడోది చేతుల ఎత్తు, అంటే కుర్చీ చేతులు. భుజాలు వదులుగా వదిలేసి మోచేయి మడిస్తే ఎక్కడికొస్తుందో అక్కడికి ఉండాలి. పైకుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, కిందికుంటే బిడ్డ తల బరువంతా మణికట్టు మీదే. చేతుల మధ్య వెడల్పు కూడా చూసుకోండి, ఎందుకంటే సిజేరియన్ అయిన కొత్తలో పొట్ట మీద బరువు పడకుండా బిడ్డని పక్కనుంచి చంక కిందుగా పట్టుకోమంటారు, ఫుట్‌బాల్ హోల్డ్ అంటారు నర్సులు. కుర్చీ ఇరుకైతే బిడ్డ కాళ్లు వెనకాల చెక్కకి తగులుతాయి, కాళ్లకి ఏదైనా తగిలితే ఆ వయసు పిల్లలు దాన్ని తన్ని నిగుడుకుంటారు, నోట్లోని రొమ్ము వదిలేస్తారు. ఈ సంగతి కొనేముందే తెలియాలంటే ఒకటే దారి, షాపుకి ఇంట్లోంచి దిండు పట్టుకెళ్లి, దాన్ని బిడ్డలా పట్టుకుని కూర్చుని, దిండు వదలకుండా లేచి చూడడం. ఏడో నెల పొట్టతో దిండు ఎత్తుకుని లేస్తూ కూర్చుంటూ ఉంటే షాపువాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి, డబ్బు మనది.

ఇక ఒక్కోటీ. ప్లాస్టిక్ కుర్చీ, చేతులున్నది, పెళ్లిళ్లకీ సంతాప సభలకీ ఒకటే రకం వేస్తారే, అది. ఎవరూ చెప్పరు గానీ ఇది అనుకున్నదానికన్నా చాలా నయం. సీటు మరీ లోతుండదు, చేతులు ఇంచుమించు సరైన ఎత్తులో ఉంటాయి, ఒక్క చేత్తో ఎత్తి ఫ్యాన్ కిందకో కిటికీ దగ్గరకో మార్చుకోవచ్చు, పాలు కక్కితే తడిగుడ్డతో ఒక్క తుడుపు. తొమ్మిది వందల లోపే వస్తుంది. ఇబ్బందల్లా వీపు దగ్గర, చెమట పట్టి నైటీ అతుక్కుపోతుంది, కాబట్టి పాత దుప్పటి నాలుగు మడతలేసి వేసుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఏళ్ల తరబడి డాబా మీద ఎండలో పడున్న కుర్చీ వద్దు, ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కి, చూడ్డానికి బాగానే ఉండి, కాలు ఎప్పుడు విరుగుతుందో తెలియదు. నున్నటి టైల్స్ మీద కూడా గోడకి ఆనించి వేసుకోండి, లేచేటప్పుడు వెనక్కి జారకుండా.

రిక్లైనర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ప్రతి కొత్త ఫ్లాట్‌లోనూ ఉంటోంది, సీమంతానికి కానుకగా కూడా ఇస్తున్నారు. మా ఆడపడుచు వాళ్లది ముదురు గోధుమరంగు రెక్సిన్‌ది, ముప్పై వేల దాకా పెట్టారు. మొదటిసారి కూర్చున్నప్పుడు వెనక్కి వాలి, కాళ్లు పైకెత్తుకుని, బిడ్డని రొమ్ముల మధ్య బోర్లా వేసుకుంటే నిజంగానే బాగుంది. వెనక్కి వాలి పాలివ్వడం తప్పేమీ కాదు, పాలు ధారగా వచ్చి బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అలా వాలమనే చెప్తారు. తంటా అంతా తర్వాతే. దాని లివర్ కుడివైపు, సీటుకీ చేతికీ మధ్య సందులో ఉంటుంది. బిడ్డ తల కుడిచేతి మీద ఉంటే లివర్ అందదు. ఎడమ చేతికి మార్చుకుని, కుడిచేయి సందులో పెట్టి లాగితే ముందు ఏమీ కదలదు, కాళ్ల కింద పలకని మడమలతో గట్టిగా నొక్కితేనే అది మూసుకుంటుంది. ఆ నొక్కడానికి పొత్తికడుపు బిగించాలి, సరిగ్గా కుట్లున్న చోటే. అంతా అయ్యాక "టక్" మని ఒక చప్పుడు. ఆ చప్పుడుకి బిడ్డ రెండు చేతులూ గాల్లోకి విసిరి ఉలిక్కిపడుతుంది, కళ్లు తెరుస్తుంది, మనల్ని చూస్తుంది, ఏడుపు మొదలు. మళ్లీ మొదటినుంచి పాలు. రెక్సిన్ మీద కారిన పాలు కుట్ల సందుల్లోకి వెళ్లిపోయి రెండో రోజుకి పులిసిన వాసన, దూది పుల్ల పెట్టి తుడిచినా పోదు. మోటారు బటన్ ఉన్న రకాలు నొక్కగానే మెల్లగా లేస్తాయట, అయితే కరెంటు పోతే వాలినవాళ్లు వాలినట్టే ఉండాలి కదా, బ్యాటరీ ఉందో లేదో అడిగి తీసుకోండి.

ఇంకో పెద్ద విషయం, ఇది ఒక్క రిక్లైనర్‌కే కాదు, సోఫాకీ మెత్తటి కుర్చీలన్నిటికీ. వాటిలో బిడ్డని పట్టుకుని నిద్రపోవడం చాలా ప్రమాదమని పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్తారు, పక్కలో వేసుకుని పడుకోవడం కన్నా కూడా. బిడ్డ సందులోకి జారి ముఖం కూరుకుపోతే మనకి తెలియదు. తెల్లవారుజామున మూడింటికి వెనక్కి వాలి, కాళ్లు పైకెత్తుకుని, ఏసీలో, పాలిస్తూ నిద్రపోకుండా ఉండడం ఎవరి తరం? కాబట్టి రాత్రి పూట కాస్త నిటారుగా ఉంచే కుర్చీయే మేలు. నిద్ర ఆగనప్పుడు ఇంట్లో ఒకరిని లేపి పక్కన కూర్చోబెట్టుకోండి. మా ఆయన ఆ డ్యూటీ చేశాడు, సగం సార్లు నా కన్నా ముందే కునుకు తీశాడు, అది వేరే సంగతి.

ఊగే కుర్చీ సంగతి త్వరగా తేల్చేస్తాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బిడ్డ కూడా ఊపుకి నిద్రపోతుంది, కానీ లేచేటప్పుడు ముందుకి తూలుతుంది, కింద వంపు చెక్కల దగ్గర పాకే పిల్లలుంటే వేళ్లు నలుగుతాయి. దానికి బదులు గ్లైడర్ అని వస్తోంది, వంపు చెక్కలుండవు, సీటు మాత్రమే ముందుకీ వెనక్కీ జారుతుంది, అడుగు కదలదు. మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి దగ్గరున్నది కాళ్లు పెట్టుకునే స్టూల్‌తో పాటు వచ్చింది, అదీ జారుతుంది. నిజం చెప్పాలంటే కూర్చున్నంతసేపూ అన్నిటికన్నా బాగున్నది ఇదే. వీపు నిటారుగా, చేతుల మీద మెత్త, కాలి బొటనవేలితో తోస్తే చాలు, చప్పుడు లేదు. లాక్ ఉన్న రకమే తీసుకోండి, లాక్ వేస్తే కదలకుండా నిలబడుతుంది, అప్పుడు లేవడం తేలిక. మరి ఎందుకు కొనలేదంటే ఇరవై వేల పైన ధర, రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో మంచానికీ బీరువాకీ మధ్య అది కదలడానికి చోటు లేదు, పైగా మా ఇంట్లో పాకే వయసు రాగానే ప్రతి సందులోనూ వేలు పెట్టే రకం ఒకటి తయారైంది.

ఐకియా పోయాంగ్ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. హైదరాబాద్ రాయదుర్గంలో ఐకియా తెరిచింది 2018 ఆగస్టులో, కానీ ఈ కుర్చీ అంతకన్నా చాలా పాతది, జపాన్ డిజైనర్ నొబొరు నకామురా చేసిన డిజైన్, 1976లో వచ్చింది. పల్చటి చెక్క పొరలు అతికించి వంచిన ఫ్రేమ్, వెనక కాళ్లుండవు, అందుకే కూర్చుంటే కాస్త స్ప్రింగులా కిందికీ పైకీ ఆడుతుంది. పాదంతో చిన్నగా నొక్కితే చాలు, బిడ్డకి ఆ ఊపు సరిపోతుంది. సీటు ఎత్తు 42 సెంటీమీటర్లు, అంటే పదహారున్నర అంగుళాలు, పొట్టివాళ్లకి ఇది వరమే. చేతులు ముందుకి సాగి ఉంటాయి కాబట్టి ఒక్క చేయి ఆనించి లేవొచ్చు. ఇది విశ్రాంతిగా వాలి కూర్చోవడానికి చేసిన కుర్చీ కాబట్టి వీపు వెనక ఒక గట్టి దిండు పెట్టుకోవాలి, పెట్టుకుంటే పాలివ్వడానికి సరిగ్గా కుదురుతుంది. మెత్త కవర్లలో కొన్ని మెషిన్లో ఉతకొచ్చు, కొన్ని ఉతకకూడదు, లేబుల్ చదివి ఉతికేదే తీసుకోండి. గ్లైడర్ కొనే ఆలోచన ఉండి చోటు లేనివాళ్లకి నా సలహా ఇది.

కానీ నేను నెలల తరబడి కూర్చున్నది, ఇప్పటికీ కూర్చుంటున్నది పేము కుర్చీలో. రాజమండ్రిలో రోడ్డు పక్కన అల్లుతూ అమ్మేవాళ్ల దగ్గర కొన్నాం. అమ్మ నాతో "దీనికి అంత డబ్బా, వద్దులేవే, మీ నాన్న పడక్కుర్చీ ఉంది కదా" అంది. పడక్కుర్చీలో గుడ్డ మధ్యలో లోయలా ఉంటుంది కదమ్మా, బిడ్డతో దాంట్లో పడితే నన్ను లేపడానికి మళ్లీ నువ్వే రావాలి అన్నాక ఒప్పుకుంది. అల్లేవాళ్ల దగ్గర కొనడంలో ఉన్న లాభం ఏమిటంటే కొలత చెప్పొచ్చు. నన్ను అక్కడే కూర్చోబెట్టి చూసి, కాళ్లు నాలుగూ అంగుళంన్నర కోసి ఇచ్చాడు, కోసిన చోట రబ్బరు బుడిపెలు బిగించాడు. ఈ పని ఏ షోరూమూ చేసిపెట్టదు. నాలుగున్నర వేలు చెప్పాడు, కాస్త తగ్గించాడు, ఎంత తగ్గించాడో అమ్మ ఇప్పటికీ వీధిలో వాళ్లకి చెప్పుకుంటుంది.

పేము కొనేటప్పుడు ఒక పరీక్ష చెయ్యండి. పాత నైలాన్ చున్నీ తీసుకుని కుర్చీ చేతుల మీద, సీటు అంచుల మీద, వీపు దగ్గర మెల్లగా రుద్దండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ చీలిక ఉందన్నమాట, వేలికి తగలనిది కూడా చున్నీకి తగులుతుంది, బిడ్డ చర్మానికీ తగులుతుంది. అక్కడికక్కడే గరుకు కాగితం పెట్టించి, వార్నిష్ వేయించండి. వార్నిష్ వాసన పోయేదాకా డాబా మీద నీడలో పెట్టాలి, కాబట్టి కాన్పుకి నెల ముందే కొనుక్కోవాలి. చుట్ల చివర మేకు తలలు పైకి ఉన్నాయేమో కూడా తడిమి చూడండి. కొత్తలో కిర్రు కిర్రుమంటుంది, ఎండాకాలం మరీను. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే తగ్గుతుంది. గాలి ఆడుతుంది, మే నెల ఉక్కపోతలో కూడా వీపు అంటుకోదు, కోస్తాలో ఉండేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు. సీటు మీద మాత్రం పల్చటి పరుపు ముక్క వేసుకోవాలి, లేకపోతే తొడల మీద అల్లిక అచ్చులు పడతాయి.

ఒళ్లో దిండు విషయం. ఆన్‌లైన్లో అర్ధచంద్రాకారం ఫీడింగ్ పిల్లోలు వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉన్నాయి. కొన్ని లోపల పాలిస్టర్ దూది కూరినవి, కొన్నాళ్లకే మధ్యలో కుంగి, బిడ్డ సరిగ్గా ఆ గుంటలోకి జారుతుంది. మన బూరుగు దూది దిండు గట్టిగా కుట్టించింది ఉంటే అది అంతకన్నా బాగా నిలబడుతుంది. ఒకటి ఒళ్లో, ఒకటి మోచేతి కింద, అంతే. పాలివ్వడం అయ్యాక బిడ్డని ఆ దిండు మీదే నిద్రపుచ్చేసి వెళ్లిపోకండి, ఎంత ముచ్చటగా పడుకున్నా సరే.

బీన్ బ్యాగ్, వేలాడే గుడ్డు ఆకారం ఉయ్యాల కుర్చీ, ఈ రెండూ ఫొటోలకి బాగుంటాయి. రెండింట్లోంచీ బిడ్డతో లేవలేం. కుర్చీ పక్కన చెయ్యి చాపితే అందేలా ఒక స్టూలు, దాని మీద మూత ఉన్న నీళ్ల సీసా, ఒక మెత్తటి గుడ్డ, ఫోన్ చార్జర్. బిడ్డ నోరు పెట్టగానే మనకి దాహం వేస్తుంది, అది ఎందుకో గానీ ప్రతి తల్లికీ అనుభవమే.

గ్లైడరే కావాలనుకునేవాళ్లు కొత్తది కొనక్కర్లేదు, పెద్ద అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది తిరిగేసరికి అమ్మకానికి వస్తుంటాయి. వెళ్లినప్పుడు ముందు మెత్తలు తీసేసి ఉత్త ఫ్రేమ్‌ని ఊపి చూడండి, గరగరమంటే బేరింగులు పోయినట్టే. లాక్ వేసి బలంగా తోయండి, కదిలితే వద్దు. మెత్తల జిప్పు తీసి లోపల వాసన చూడండి, పైన ఉతికి ఇస్తారు గానీ లోపలి ఫోమ్ ఎవరూ ఉతకరు. ధర మాత్రం కొత్తదానిలో సగానికి మించి ఇవ్వకండి, వాళ్ల ఇంట్లో అది ఎంత అడ్డంగా ఉందో, ఎప్పుడు వదులుతుందా అని ఎలా చూస్తున్నారో లోపలికి అడుగు పెట్టగానే మీకే తెలుస్తుంది.